కోత, అతుకు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం దేశదేశాల్లో ఐఫోన్లను కుప్పకూల్చింది. ‘జ్ఞా’ లాంటి ఆ అక్షరాన్ని ఎవరైనా మెసేజిలో పంపితే, అందుకున్న యాప్ అక్కడికక్కడే మూతపడేది. మళ్లీ తెరిస్తే అదే మెసేజి మళ్లీ తెరమీదికి రావాలి కాబట్టి మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఏకంగా హోమ్ స్క్రీన్‌ని నడిపే ప్రోగ్రామే పడిపోయేది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఆపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసిన 11.2.6తో సరిచేసింది.

‘జ్ఞానం’ అని మనం మామూలుగా టైపు చేసినప్పుడు ఏమీ కాలేదు. ప్రమాదం తెచ్చిన వరుస వేరు: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు, చివర దీర్ఘం. ఈ ఐదింటినీ కలిపి ఒక రూపంగా పేర్చే చోట ఆపిల్ ప్రోగ్రాము తప్పటడుగు వేసింది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ ఇలాంటి వరుసలు అదే పని చేశాయి.

వెబ్ యాప్‌లు ఎలా రాయాలో చెప్పే అధ్యాయాన్ని ఈ సంఘటనతో మొదలుపెట్టడానికి కారణముంది. ఫ్రంట్ ఎండ్ కోడ్ రాసేవాళ్లు తమ కోడ్ నడిచే యంత్రాన్ని చూడరు. సర్వర్ మీద నడిచే ప్రోగ్రాముకి యంత్రం ఏదో, దాని మీద ఏ వెర్షన్ ఉందో ముందే తెలుసు. ఫ్రంట్ ఎండ్‌కి ఆ భాగ్యం లేదు. అది ఎవరి చేతిలోని ఫోన్‌లోనో, ఏ పాత బ్రౌజర్‌లోనో, ఏ నెట్‌వర్క్ మీదో, ఏ భాషలోనో నడుస్తుంది. ఆ ఫోన్‌లో మనకు తోడు ఉండేది బ్రౌజర్ ఒక్కటే. అక్షరాలను పేర్చడం, అంకెలకు కామాలు పెట్టడం, బటన్ నొక్కితే స్పందించడం, పేజీని కళ్లు లేనివారికి చదివి వినిపించడం లాంటివన్నీ దానికి తెలుసు. వాటి వెనక మూడు దశాబ్దాల శ్రమ ఉంది. నా దృష్టిలో మంచి ఫ్రంట్ ఎండ్ కోడ్‌కి మొదటి గుర్తు ఇదే: బ్రౌజర్‌కి తెలిసిన పనిని అది తన చేతుల్లోకి తీసుకోదు. ఈ మాట ఎంత నిజమో తేల్చిచెప్పే పరీక్ష తెలుగు అక్షరం. ఇంగ్లీషు పేర్లతో ఏళ్ల తరబడి దాక్కున్న తప్పులు ఒక్క ‘స్త్రీ’ దగ్గర బయటపడతాయి.

బడిలో అడిగితే ‘స్త్రీ’ ఒక అక్షరం. జావాస్క్రిప్ట్‌ని ‘లెంగ్త్’ అడిగితే 6 అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఇవి ఆరు కోడ్ పాయింట్లు. నెట్‌లో ప్రయాణించేటప్పుడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కీ 3 బైట్లు పడతాయి కాబట్టి ఇదే 18 బైట్లవుతుంది. ఒకటి, ఆరు, పద్దెనిమిది. మూడూ సరైన జవాబులే, వేటి ప్రశ్న వాటిది. ఏ ప్రశ్న అడుగుతున్నామో తెలియకుండా ‘లెంగ్త్’ వాడటంలోనే తప్పు ఉంది.

జావాస్క్రిప్ట్ ఇలా లెక్కించడానికి దాని పుట్టుకే కారణం. నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో ఆ భాషకు తొలి రూపం ఇచ్చాడు. అప్పటికి యూనికోడ్ అంటే 16 బిట్ల గుర్తులు, ఒక గుర్తుకి ఒక పెట్టె. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకి 128 స్థానాల గది దొరికింది. 16 బిట్లు చాలవని తేలి 1996లో జంట గుర్తుల పద్ధతి వచ్చేసరికి జావాస్క్రిప్ట్ లోకంలోకి వెళ్లిపోయింది. పాత పేజీలు పాడుకాకూడదు కనుక ఆ లెక్క అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషులో మాత్రమే పనిచేసేవారికి ఈ ఇబ్బంది తెలిసివచ్చింది ఎమోజీల వల్ల. ఒక్క బొటనవేలు బొమ్మ పొడవు 2 అని తేలినప్పుడు చాలామంది కళ్లు తెరిచారు. మన లిపులకు ఆ ఇబ్బంది మొదటి రోజు నుంచీ ఉంది.

ఇప్పుడు బ్రౌజర్‌లోనే దీనికి పనిముట్టు ఉంది. ‘ఇంటల్ సెగ్మెంటర్’ అనే సాధనానికి ఒక వాక్యం ఇస్తే, మనిషి కంటికి ఒకటిగా కనిపించే ముక్కలుగా దాన్ని విడదీసి ఇస్తుంది. ఇది క్రోమ్‌లోకి 2020లో, సఫారీలోకి 2021లో వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా చేరాక అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ దొరుకుతోంది. ఒక మెలిక మాత్రం ఉంది. 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ఆ ప్రమాణమే ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడు ముక్కలుగా చూసేది. పొల్లుతో కలిసిన హల్లులను ఒక్కటిగా ఉంచాలన్న నియమం తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళ లిపులకు ఆ వెర్షన్‌తో చేరింది. అంటే పాత ఫోన్‌లో మూడు, కొత్త ఫోన్‌లో ఒకటి. కాబట్టి సెగ్మెంటర్ ఇచ్చిన సంఖ్యను డేటాబేసులో దాచుకోవడమో, దాని మీద ఖచ్చితమైన పరిమితి పెట్టడమో కూడదు. ఎక్కడ కోయకూడదో తెలుసుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

కోత అనేది ఫ్రంట్ ఎండ్‌లో రోజువారీ పని. కార్డు మీద పేరు పట్టదు, మొదటి పది అక్షరాలు ఉంచి చుక్కలు పెడదాం అనుకుంటారు. సీతామహాలక్ష్మి పేరుకి అలా చేసి చూడండి. పేరులో 14 కోడ్ పాయింట్లున్నాయి. పదో దగ్గర కత్తెర వేస్తే ‘సీతామహాలక్…’ వస్తుంది. క్ష్మి మధ్యలో తెగి, ఆ పేరులో లేని ఒక పొల్లు క తెర మీదికి వచ్చింది. తన పేరు అలా కనిపించిన మనిషికి ఆ యాప్ తనకోసం చేసింది కాదని వెంటనే తెలిసిపోతుంది.

దీనికి మందు చాలా సులువు: కోయకండి. ఎంత వెడల్పులో ఎంత పేరు పడుతుందో లెక్క వేయడం సీఎస్ఎస్ పని. ‘టెక్స్ట్ ఓవర్‌ఫ్లో’కి ‘ఎలిప్సిస్’ అని చెబితే బ్రౌజరే స్థలం చూసుకుని చుక్కలు పెడుతుంది. రెండు మూడు వరుసల తర్వాత ఆపాలంటే ‘లైన్ క్లాంప్’ ఉంది. అప్పుడు అసలు పేరు పేజీలో పూర్తిగానే ఉంటుంది. స్క్రీన్ రీడర్ దాన్ని పూర్తిగా చదువుతుంది, కాపీ చేసుకున్నవారికి పూర్తిగా వస్తుంది, ఫోన్ అడ్డంగా తిప్పితే పూర్తిగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పెద్ద సూత్రం ఉంది, నిదానంగా చెప్పుకోవాలి. ఆధునిక యాప్‌లలో డేటాని ఒకచోట ఉంచుతారు, దాని నుంచి తెరను తయారుచేస్తారు. 2013లో ఫేస్‌బుక్ బయటికి విడుదల చేసిన రియాక్ట్ ఈ ఆలోచనను అందరికీ అలవాటు చేసింది: డేటా మారితే తెర దానంతట అదే మారుతుంది, తెరను చేత్తో దిద్దకూడదు. ఈ పద్ధతికి ప్రాణం ఏమిటంటే, దాచుకునే డేటా ముడిగా ఉండాలి. చూపించడానికి చేసిన అలంకారాలేవీ దానిలోకి తిరిగి చేరకూడదు. కత్తిరించిన పేరునే డేటాలో పెట్టారనుకోండి. ప్రొఫైల్ పేజీలో అది పొట్టిగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ‘మార్చండి’ నొక్కితే అదే పొట్టి పేరు ఫారంలోకి వస్తుంది. సీతామహాలక్ష్మి తన ఫోన్ నంబరు ఒక్కటీ మార్చి సేవ్ చేస్తుంది. ఆ నొక్కుతో సగం పేరు సర్వర్‌కి చేరి, అక్కడ ఉన్న పూర్తి పేరు మీద కూర్చుంటుంది. తర్వాత రసీదు మీదా, సర్టిఫికెట్ మీదా అదే అచ్చవుతుంది. తేదీలకీ, డబ్బు అంకెలకీ ఇదే వర్తిస్తుంది. 1234567 అనే సంఖ్యని సంఖ్యగానే దాచాలి. చూపించే చివరి క్షణంలో ‘ఇంటల్ నంబర్ ఫార్మాట్’కి తెలుగు-ఇండియా అని చెబితే 12,34,567 అని మన లక్షల పద్ధతిలో కామాలు పెట్టి ఇస్తుంది. కామాలతో సహా దాచిన అంకెను మళ్లీ సంఖ్యగా మార్చబోతే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది.

పరిమితి పెట్టేటప్పుడు రెండు వైపులా ఒకే కొలత ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఫారంలోని ‘మ్యాక్స్ లెంగ్త్’ లెక్కించేది 16 బిట్ల పెట్టెలను. సర్వర్ 40 బైట్లు అనుకుంటే సీతామహాలక్ష్మికి 42 కావాలి. ఫారం ఒప్పుకున్న పేరును సర్వర్ తిప్పికొడుతుంది, ఎందుకో ఆమెకు అర్థం కాదు.

ఇటీవల కొత్త రకం కోత ఒకటి వచ్చింది. కృత్రిమ మేధ చాట్‌లలో జవాబు ఒక్కసారిగా రాదు, ముక్కలు ముక్కలుగా ప్రవహిస్తూ వస్తుంది. నెట్‌వర్క్‌కి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. 3 బైట్ల తెలుగు అక్షరంలో ఒకటి ఈ ముక్కలో, మిగిలిన రెండు తర్వాతి ముక్కలో రావచ్చు. ప్రతి ముక్కనీ విడిగా అక్షరాలుగా మార్చే కోడ్ అయితే, సరిహద్దు దగ్గర నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం గుర్తు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే కనుక అక్కడ ఈ తప్పు ఎన్నడూ కనబడదు. ‘టెక్స్ట్ డీకోడర్’కి ‘స్ట్రీమ్’ అనే ఎంపిక ఇస్తే, అసంపూర్ణమైన బైట్లను అది పట్టి ఉంచి తర్వాతి ముక్కతో కలుపుకుంటుంది. ఒక్క మాట చేర్చితే సరిపోయే దిద్దుబాటు ఇది. తెలుగులో పరీక్షించకపోతే ఆ ఒక్క మాట అవసరమని తెలియదు.

వెతికిన మాటను బోల్డ్‌లో చూపించడం కూడా కోతే. జాబితాలో ‘రమ్య’ ఉంది, వాడేవారు ఇంకా ‘రమ’ వరకే టైపు చేశారు. కోడ్ ఆ రెండు గుర్తులను వేరే ట్యాగులో పెట్టి బోల్డ్ చేస్తే, మిగిలింది పొల్లు, య. ఆధారం లేని పొల్లుకి బ్రౌజర్ చుక్కల వలయం గీసి చూపుతుంది. దొరికిన భాగాన్ని అక్షరం సరిహద్దు దాకా పొడిగించి, ‘రమ్య’ అంతటినీ బోల్డ్ చేయడమే సరైన పని. ఆ సరిహద్దు ఎక్కడో కొత్త బ్రౌజర్లలో సెగ్మెంటర్ చెబుతుంది. అక్షరం తర్వాత అక్షరం టైపు అవుతున్నట్టు చూపే అలంకారాలకూ ఇదే జాగ్రత్త కావాలి.

కోత గురించి కొంత మందికైనా తెలుసు. అతుకు గురించి చెప్పేవారు తక్కువ, నష్టం మాత్రం దానివల్లే ఎక్కువ.

హైదరాబాద్ అనే ఊరి పేరు ఒక చరరాశిలో ఉంది, దాని వెనక ‘లో’ చేర్చాలి. కోడ్‌లో రెండు మాటలను కలిపితే తెర మీద ‘హైదరాబాద్లో’ అని వస్తుంది. చివరి పొల్లు తర్వాత వచ్చిన ల, ద కింద ఒత్తుగా మారిపోయింది. మనం చేసింది చివర ఒక మాట చేర్చడం, జరిగింది ముందున్న అక్షరం ఆకారం మారడం. ‘హైదరాబాద్‌లో’ అని రావాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. ఐఫోన్లను పడగొట్టిన వరుసలో ఉన్న ఆ కనిపించని గుర్తే ఇక్కడ మన మాటను కాపాడుతుంది. అందుకే ‘కనిపించని గుర్తులన్నీ తుడిచేద్దాం’ అని రాసే శుభ్రత ఫంక్షన్లు తెలుగుకి హాని చేస్తాయి. సాఫ్ట్‌వేర్ అని రాసినవారికి సాఫ్ట్వేర్ తిరిగి వస్తుంది.

ఒత్తు సమస్య తీరినా వ్యాకరణం మిగిలే ఉంటుంది. ఇంగ్లీషులో ‘టు’ తర్వాత ఏ పేరైనా పెట్టవచ్చు, పేరు మారదు. ఆ అలవాటుతో ఖాళీ వదిలి చివర ‘కి’ పెట్టిన వాక్యం సీతకీ, వేణుకీ బాగానే ఉంటుంది. రాముడి దగ్గరికి వచ్చేసరికి ‘రాముడుకి’ అంటుంది, ఇల్లు దగ్గర ‘ఇల్లుకి’ అంటుంది. మన భాషలో విభక్తి చేరితే మాటే మారుతుంది: రాముడికి, ఇంటికి, ఊరికి. క్రియకు లింగం కూడా ఉంది. ‘చేరాడు’ అని ఒకే వాక్యం అందరికీ పెట్టిన యాప్ సీతని కూడా మగవాణ్ని చేస్తుంది.

దీనికి కోడ్‌లో చేయగలిగిన పని ఉంది. మొదటిది, వాక్యాలను ముక్కలుగా కలపకూడదు. ప్రతి వాక్యమూ అనువాదకుల చేతికి మొత్తంగా వెళ్లాలి. పేరు ఎక్కడ రావాలో, ఏకవచనమైతే ఎలా, బహువచనమైతే ఎలా అన్నది అనువాదకులే నిర్ణయించే వీలు ఉండాలి. ఐసీయూ మెసేజ్ ఫార్మాట్ వంటి పద్ధతులు పుట్టింది ఇందుకే. ఒకటైతే వస్తువు, ఎక్కువైతే వస్తువులు అన్న తేడా తెలుగుకి ఉందని ‘ఇంటల్ ప్లూరల్ రూల్స్’కి ముందే తెలుసు. రెండోది, పేరుకి విభక్తి అవసరం లేకుండా తెరను రూపొందించవచ్చు. ‘రాముడుకి పంపాం’ బదులు ‘అందుకునేవారు: రాముడు’, ‘నెల్లూరుకి టికెట్’ బదులు ‘చేరే ఊరు: నెల్లూరు’. లింగం తెలియనప్పుడు గౌరవవాచకం మన భాష ఇచ్చిన వరం: ‘చేరారు’ అంటే ఎవరికైనా సరిపోతుంది. ఇలాంటి నిర్ణయాలు డిజైన్ బొమ్మలు గీసే రోజునే జరగాలి. అనువాదం చివరి వారంలో చేసే పని అనుకున్న చోట ఇవి ఎప్పటికీ జరగవు.

అతుకులో అన్నిటికంటే ప్రమాదకరమైనది వాడేవారు రాసిన మాటను హెచ్‌టీఎంఎల్ ట్యాగులతో అతికించడం. 2005 అక్టోబరులో మైస్పేస్‌లో సామీ కమ్‌కార్ అనే యువకుడు తన ప్రొఫైల్ పేజీలో కొంత జావాస్క్రిప్ట్ దాచాడు. ఆ పేజీ చూసిన ప్రతివారి ప్రొఫైల్‌లోకీ అది తనంతట తాను నకలైంది. ఒక్క రోజు గడవకముందే పది లక్షలకు పైగా ప్రొఫైల్స్‌కి పాకింది. వచ్చిన మాట మాటగానే ఉండాలి, కోడ్‌గా మారకూడదు. ‘ఇన్నర్ హెచ్‌టీఎంఎల్’ బదులు ‘టెక్స్ట్ కంటెంట్’ వాడితే బ్రౌజర్ దాన్ని అక్షరాలుగానే చూస్తుంది. రియాక్ట్ లాంటివి మామూలుగా ఈ కాపలా తామే కాస్తాయి, మనం పట్టుబట్టి ఆ తలుపు తీయకపోతే చాలు.

ఇక టైపు చేయడం. చాలామంది ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు నొక్కి, కీబోర్డు చూపిన తెలుగు మాటను ఎంచుకుంటారు. మాట స్థిరపడేలోగా అది ‘కూర్పు’ దశలో ఉంటుంది. బ్రౌజర్ ఆ దశ మొదలైందనీ ముగిసిందనీ కబురు పంపుతూనే ఉంటుంది. ఆ కబుర్లు పట్టించుకోని కోడ్ ఎంటర్ నొక్కగానే సందేశాన్ని పంపేస్తుంది, వాడేవారు నిజానికి సూచనను ఎంచుకోవడానికి నొక్కి ఉంటారు. ఆండ్రాయిడ్‌లో అయితే కూర్పు సాగుతున్నప్పుడు దాదాపు ఏ మీట నొక్కినా కోడ్‌కి 229 అన్న సంఖ్యే అందుతుంది. మీటలను నమ్ముకున్న కోడ్ అక్కడే ఆగిపోతుంది. ఏ మీట నొక్కారని కాక పెట్టెలో ఏం మారిందని అడిగితే కీబోర్డైనా, గొంతుతో చెప్పినా, వేరేచోట నుంచి తెచ్చి అతికించినా ఒకే కోడ్ చాలు.

పేరు సరైనదేనా అని పరీక్షించే నియమాల దగ్గర ఇంకో గుంట ఉంది. ఏ నుంచి జెడ్ వరకే ఒప్పుకునే ఫారం తెలుగు పేరును తిప్పికొడుతుందని అందరికీ తెలుసు. అది సరిదిద్దాలని ‘యూనికోడ్ ప్రకారం అక్షరాలైతే చాలు’ అని మార్చినా ‘రాము’ ఆగిపోతాడు. యూనికోడ్ వర్గీకరణలో ర, మ అక్షరాలు. దీర్ఘం, కొమ్ము మాత్రం ‘మార్కులు’ అనే వేరే వర్గం. రెండు వర్గాలనూ, జీరో విడ్త్ నాన్ జాయినర్‌నూ ఒప్పుకోవాలి. ఇంకా మంచి పని ఏమిటంటే, మనుషుల పేర్లు ఎలా ఉండాలో నిర్ణయించే ఉద్యోగం మానుకుని, ఖాళీగా లేదు కదా అని మాత్రం చూడటం.

ఎత్తు గురించి డిజైనర్లతో నేను ప్రతిసారీ పట్టుపట్టే మాట ఒకటుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిసార్లు ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషు కోసం అక్షరం ఎత్తుకి 1.2 రెట్లు పెట్టిన వరుసలో ఇవి పైవరుసనో కిందివరుసనో తాకుతాయి. పెట్టె ఎత్తును పిక్సెళ్లలో బిగించి, మించినది దాచమంటే ఒత్తులు తెగిపోతాయి. వరుస ఎత్తును 1.5కి తగ్గకుండా పెట్టి, పెట్టె ఎత్తును లోపలి మాటకే వదిలేసి, చుట్టూ ప్యాడింగ్ ఇస్తే చాలు. వెడల్పు కూడా అంతే. ‘సేవ్’ పట్టిన బటన్‌లో ‘భద్రపరచండి’ పట్టాలంటే ఫ్లెక్స్, గ్రిడ్ పద్ధతులు ఆ సర్దుబాటు చేస్తాయి.

ఫాంట్ల సంగతి కొంచెం సున్నితం. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, గిడుగు, రామభద్ర వంటి చక్కటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ గుణింతాలకూ ఒత్తులకూ విడివిడి రూపాలు కావాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు బరువు ఇంగ్లీషు దానికంటే బాగా ఎక్కువ. దాన్ని ముక్కలుగా కోసి పంపుదామంటే కుదరదు. ఒక అక్షరంలోని హల్లు, పొల్లు, గుణింతం కలిసి ఒక రూపం కావాలంటే అన్నీ ఒకే ఫాంటు ఫైలులో ఉండాలి. చేయగలిగింది, ‘యూనికోడ్ రేంజ్’ ద్వారా తెలుగు ఉన్న పేజీకే తెలుగు ఫాంటు దిగేలా చూడటం. అది వచ్చేలోగా ‘ఫాంట్ డిస్‌ప్లే స్వాప్’తో ఫోన్‌లో ఉన్న ఫాంటులోనే మాట కనిపించేలా చేయడం. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మల, ఆపిల్‌లో కోహినూర్ ముందే ఉన్నాయి. వార్త చదవడానికి వచ్చినవారికి అవి ఎంతమాత్రం తక్కువ కావు. అందం కోసం ఖాళీ తెర చూపించడం నాకు నచ్చదు.

బరువు మాటకొస్తే, అసలు భారం జావాస్క్రిప్ట్‌ది. అంతే బరువున్న బొమ్మకంటే కోడ్ ఖరీదెక్కువ, ఎందుకంటే దిగాక దాన్ని చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. ఈ పనీ, తెర గీసే పనీ, వేలి తాకిడికి స్పందించే పనీ దాదాపు అంతా ఒకే దారంలో జరుగుతాయి. తెర సెకనుకి 60 సార్లు మారాలంటే ఒక్కో మార్పుకి దాదాపు 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి. 50 మిల్లీసెకన్లు దాటిన ఏ పనినైనా బ్రౌజర్లు ‘లాంగ్ టాస్క్’గా లెక్కిస్తాయి. తాకాక తెర మారడానికి పట్టే సమయాన్ని కొలిచే ఐఎన్‌పీ అనే కొలమానాన్ని గూగుల్ 2024 మార్చి 12 నుంచి తన ముఖ్య కొలతల్లో చేర్చింది, 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని గీత గీసింది. ఖరీదైన ల్యాప్‌టాప్ మీద రాసేవారికి ఈ గీత చాలా దూరంగా కనిపిస్తుంది. చవక ఫోన్‌లో అదే కోడ్ దాన్ని సులువుగా దాటేస్తుంది. మొదటి పేజీకి అవసరం లేని కోడ్‌ని తర్వాత తెప్పించుకోవడం, పెద్ద లెక్కలను వెబ్ వర్కర్‌కి అప్పజెప్పడం దీనికి తెలిసిన మార్గాలే. ఒక చిన్న సంగతి చేరుస్తాను: సెగ్మెంటర్, మాటలను వరుసక్రమంలో పెట్టే కొలేటర్ వంటివి తయారుకావడానికి సమయం తీసుకుంటాయి. జాబితాలో ప్రతి వరుసకీ కొత్తది చేయకుండా, ఒక్కసారి చేసుకుని దాన్నే వాడాలి. కొలేటర్‌కి అంకెల ఎంపిక ఇస్తే ‘వార్డు 10’ కంటే ముందు ‘వార్డు 2’ వస్తుంది. మామూలు సార్ట్‌లో పది ముందుకొస్తుంది.

బయటి ప్యాకేజీల మీద ఆధారపడటం గురించి 2016 మార్చి 22 నేర్పిన పాఠాన్ని ఇంకా తలుచుకోవాలి. ‘లెఫ్ట్ ప్యాడ్’ అనే 11 వరుసల కోడ్‌ని దాని రచయిత జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. దాని మీద నేరుగానో, ఇంకో ప్యాకేజీ ద్వారానో ఆధారపడిన ప్రాజెక్టులు వేల సంఖ్యలో ఆగిపోయాయి. అది చేసే పని ఒక మాటకి ఎడమవైపు ఖాళీలు చేర్చి కావలసిన పొడవుకి తేవడం. మరుసటి ఏడాదే ‘ప్యాడ్ స్టార్ట్’ పేరుతో అది జావాస్క్రిప్ట్‌లోనే చేరింది. అయితే అది కూడా లెక్కించేది 16 బిట్ల పెట్టెలనే, తెలుగు పేర్ల వరుసలను అది సరిచేయలేదు. వరుసలు కలవాలంటే దారి సీఎస్ఎస్ గ్రిడ్.

బటన్ కావాల్సిన చోట ‘డివ్’ వాడి, దానికి క్లిక్ తగిలించే అలవాటు ఎంత చెప్పినా పోవడం లేదు. అసలైన బటన్ ట్యాగుకి కీబోర్డుతో చేరుకోవచ్చు, ఎంటర్‌తోనూ స్పేస్‌తోనూ నొక్కవచ్చు, ‘ఇది బటన్’ అని స్క్రీన్ రీడర్ చెబుతుంది. డివ్‌కి ఇవేవీ రావు, ఒక్కొక్కటే రాసుకోవాలి, ఏదో ఒకటి మరిచిపోతారు. పేజీ మొదట్లో భాష తెలుగు అని చెప్పే ఒక్క మాట కూడా ఇలాంటిదే. అది లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు పేరాను ఇంగ్లీషు గొంతుతో చదవబోయి విఫలం కావచ్చు. అప్పుడు వినేవారికి ఆ పేజీ లేనట్టే. వెబ్ యాక్సెసిబిలిటీ నియమావళిలో ఇది మొట్టమొదటి స్థాయి నియమం, రాయడానికి పది సెకన్లు పట్టదు.

ఇన్ని జాగ్రత్తలను మనిషి జ్ఞాపకం మీద వదిలేస్తే నిలవవు, పరీక్షల్లోకి ఎక్కించాలి. చాలా ప్రాజెక్టుల్లో పరీక్షలకు వాడే పేర్లు జాన్, జేన్. వాటి పక్కన మన పేర్ల ఫైలు ఒకటి పెట్టుకోవాలి. కోతను పట్టుకోవడానికి సీతామహాలక్ష్మి, వరుస ఎత్తుని పట్టుకోవడానికి జ్యోత్స్న, అతుకుని పట్టుకోవడానికి హైదరాబాద్, బోల్డ్‌ని పట్టుకోవడానికి రమ్య, విభక్తిని పట్టుకోవడానికి రాముడు. ఒక్కో తెరనూ ఈ పేర్లతో నింపి బొమ్మ తీయించి, పాత బొమ్మతో పోల్చే పని ప్లేరైట్ లాంటి సాధనాలు చేస్తాయి. ఆ ఫైలులో ‘కైలాసం’ రెండుసార్లు ఉండాలి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద ఐత్వపు గుర్తూ అని రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, కోడ్‌కి మాత్రం వేరు వేరు మాటలు. వెతికే ముందు రెండు వైపులా ‘నార్మలైజ్’ అనే ఫంక్షన్‌తో ఒకే రూపానికి తెచ్చుకుని ఉంటే, ఒక కైలాసాన్ని టైపు చేసినప్పుడు ఇద్దరు కైలాసాలూ జాబితాలో కనిపిస్తారు.